టీవీలో బొమ్మ రాకపోతే... డిష్ జోలికి చివర్లో వెళ్దాం!



మనలో చాలామంది ఇళ్లలో టీవీ ఉందంటే దానికి డీడీ ఫ్రీ డిష్ ఒక ముఖ్య కారణం. 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరుతో దూరదర్శన్ దీన్ని ప్రారంభించింది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా డబ్బు కట్టే పని లేదు. కూలీ పని చేసుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నెలనెలా డబ్బు కట్టం కాబట్టి, బొమ్మ ఆగిపోతే ఫోన్ చేయగానే వచ్చి బాగుచేసి వెళ్లేవాళ్లు ఉండరు. మనమే చూసుకోవాలి, లేదా డబ్బిచ్చి మెకానిక్‌ను పిలవాలి.

సిగ్నల్ పోయిందనగానే మనం చేసే మొదటి పని డాబా ఎక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పడం. పైనుంచి ఒకరు “వచ్చిందా?” అని అరవడం, కింది నుంచి ఇంకొకరు “రాలే!” అని అరవడం అందరికీ తెలిసిందే. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డిష్‌ను తిప్పడం మొదటి పని కాదు, చివరి పని. ఎందుకో, దానికి ముందు చూడాల్సినవి ఏమిటో వరుసగా తెలుసుకుందాం. ఇందులో వాడే సైన్సు, లెక్కలు అన్నీ మనం పదో తరగతిలోనూ, ఇంటర్‌లోనూ చదివినవే.

పాత యాంటెన్నాకు, డిష్‌కు తేడా

ఒకప్పుడు ఇంటికప్పు మీద గొట్టానికి బిగించిన చేప ముల్లు లాంటి యాంటెన్నా ఉండేది. దాని పేరు యాగి-ఉదా యాంటెన్నా. 1926లో జపాన్ శాస్త్రవేత్తలు షింటారో ఉదా, హిడెట్సుగు యాగి దీన్ని లోకానికి తెలియజేశారు. అది నేల మీది టవర్ నుంచి వచ్చే తరంగాలను పట్టుకునేది. సిగ్నల్ బలహీనపడితే తెర మీద చుక్కలు కనబడేవి, బొమ్మ మసకబారేది. అయినా ఏదో ఒక బొమ్మ కనిపిస్తూనే ఉండేది. దూరదర్శన్ ఆ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేసింది. 2022 నాటికి కొన్ని ముఖ్య ప్రాంతాల్లోవి తప్ప దాదాపు అన్నీ ఆగిపోయాయి.

డిష్‌కు వచ్చేది డిజిటల్ సిగ్నల్. దీని స్వభావం వేరు. సిగ్నల్ ఒక స్థాయి వరకు తగ్గినా బొమ్మ చక్కగానే ఉంటుంది. ఆ స్థాయి దాటి కొంచెం తగ్గితే బొమ్మ ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఇంకాస్త తగ్గితే తెర ఖాళీ. అందువల్ల డిష్ తిప్పుతూ బొమ్మ మెరుగవుతోందా లేదా అని చూసే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. సరైన చోటుకు బాగా దగ్గరికి వచ్చేదాకా తెర మీద ఏమీ కనిపించదు. మరి దేన్ని చూడాలి? అది చెప్పుకునే ముందు డిష్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ఆకాశం నుంచి టీవీ దాకా

ఫ్రీ డిష్ సిగ్నల్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. దీన్ని 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించారు. ఇది భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి మనకు ఆకాశంలో ఎప్పుడూ ఒకే చోట ఉన్నట్టు లెక్క. అందుకే డిష్‌ను ఒకసారి సరిగా బిగిస్తే దాని దిశ దానంతట అది తప్పదు.

ఈ తరంగాల పౌనఃపున్యం దాదాపు 11 గిగాహెర్ట్జ్. కాంతి వేగాన్ని దానితో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 2.7 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి వచ్చేసరికి సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని పోగుచేయడమే డిష్ పని. ఇంటర్ గణితంలో పరావలయం చదివే ఉంటారు. అక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలన్నీ పరావలయం మీద పడి నాభి దగ్గర కలుస్తాయి. ఆ నాభి దగ్గర, డిష్ చేతి చివర బిగించి ఉండేదే ఎల్‌ఎన్‌బీ.

ఎల్‌ఎన్‌బీ రెండు పనులు చేస్తుంది. సిగ్నల్‌ను పెంచుతుంది, దాని పౌనఃపున్యాన్ని తగ్గిస్తుంది. 11,000 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మామూలు కేబుల్‌లో ప్రయాణిస్తే మధ్యలోనే నీరసించిపోతుంది. అందుకని ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9,750 తీసేసి 1,250 మెగాహెర్ట్జ్‌గా మార్చి కిందికి పంపుతుంది. దీనికి కావలసిన కరెంటు బాక్సు నుంచి అదే కేబుల్ ద్వారా పైకి వెళుతుంది. అది 13 లేదా 18 వోల్టులు ఉంటుంది. అంటే ఒకే తీగలో కరెంటు పైకి పోతోంది, సిగ్నల్ కిందికి వస్తోంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం లోపాలు మనమే కనిపెట్టగలం.

రెండు గీతలు చెప్పే కథ

డాబా ఎక్కే ముందు రిమోట్ తీసుకోండి. బాక్సు మెనూ తెర మీదికి వస్తోందా? రాకపోతే లోపం డిష్‌ది కాదు. టీవీ వేరే ఇన్‌పుట్‌లో ఉండొచ్చు, లేదా బాక్సుకు, టీవీకి మధ్య ఉన్న తీగ ఊడి ఉండొచ్చు. మెనూ వస్తుంటే ఇన్‌స్టలేషన్ అనే చోటికి వెళ్లండి. అక్కడ రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి సిగ్నల్ బలం, అంటే స్ట్రెంగ్త్. రెండోది నాణ్యత, అంటే క్వాలిటీ.

ఈ రెండూ ఒకటి కావు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అంది, కేబుల్ బాగుంటే డిష్ ఎటు చూస్తున్నా చాలా బాక్సుల్లో బలం గీత కొంత కనిపిస్తుంది. అది సిగ్నలే కానక్కర్లేదు, ఉత్త రొద కూడా కావచ్చు. జాతరలో చెవులు హోరెత్తినంత మాత్రాన మనల్ని పిలిచినవాళ్ల మాట వినిపించినట్టు కాదు కదా! ఆ మాట వినిపిస్తోందో లేదో చెప్పేది నాణ్యత గీత. ఈ రెండింటినీ కలిపి చదివితే నాలుగు రకాలు వస్తాయి.

1. బలం సున్నా, నాణ్యత సున్నా: కరెంటు పైకి పోవడం లేదు, లేదా ఎల్‌ఎన్‌బీ పాడైంది. కేబుల్, కనెక్టర్లు చూడాలి. డిష్‌ను ముట్టుకోవద్దు.

2. బలం ఉంది, నాణ్యత సున్నా: డిష్ దిశ తప్పింది, లేదా ఎదురుగా ఏదో అడ్డం వచ్చింది.

3. నాణ్యత ఎక్కుతూ దిగుతూ ఉంది: ఎక్కడో వదులైంది, నీరు చేరింది, లేదా గాలికి కొమ్మలు అడ్డు వస్తున్నాయి.

4. రెండూ బాగున్నాయి, కొన్ని ఛానళ్లు మాత్రమే లేవు: ఛానళ్లను మళ్లీ స్కాన్ చేయాలి. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-4 పద్ధతిలో వస్తాయి. పాత ఎంపెగ్-2 బాక్సు వాటిని చూపించలేదు. దానికి డిష్ ఏం చేస్తుంది?

ఈ తేడా తెలియకపోతే ఎంత నష్టమో చెప్పడానికి మా ఇంటి సంగతే రాస్తాను. 2020లో కరోనా వల్ల హాస్టళ్లు మూసేశారు. మా తమ్ముడు అప్పుడు ఎనిమిదో తరగతి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో డీడీ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్న పనికి వెళ్తూ తీసుకెళ్లేవాడు. కాబట్టి తమ్ముడికి బడి అంటే టీవీయే. సరిగ్గా అప్పుడే ఒక వాన రాత్రి తర్వాత సిగ్నల్ పోయింది. మా చిన్నాయన సాయం చేద్దామని వచ్చి డిష్ నట్లు వదులు చేసి పూటంతా తిప్పాడు. ఫలితం లేదు. మెకానిక్‌ను అడిగితే నాలుగు వందలన్నాడు. ఆ రోజుల్లో పనులే లేవు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది నేనే మొదలు. “సదువుకున్నవు గదా బిడ్డా, నువ్వే జర చూడు” అంది అమ్మ.

మెనూలో చూస్తే బలం సున్నా. అంటే గొడవ దిశది కాదు, తీగది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పితే లోపల నీరు, రాగి తీగకు పచ్చగా చిలుము. పాడైన ముక్క కత్తిరించి పది రూపాయల కొత్త కనెక్టర్ బిగించడానికి పది నిమిషాలు పట్టింది. బలం గీత వెంటనే లేచింది. కానీ నాణ్యత రాలేదు. ఎందుకంటే అప్పటికే డిష్‌ను దాని చోటు నుంచి కదిలించేశాం. దాన్ని మళ్లీ దారికి తేవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మొత్తం మూడు రోజుల పాఠాలు తమ్ముడికి పోయాయి. లోపం పది నిమిషాలది, మిగతాదంతా తొందరపడి తిప్పినందుకు కట్టిన మూల్యం.

తీగ, కనెక్టర్

కాబట్టి మొదట తీగ చూడండి. బాక్సును ఆపి, ప్లగ్ తీసిన తర్వాతే కనెక్టర్ విప్పాలి. ఆ వోల్టేజీ మనకు షాక్ కొట్టదు గానీ, మధ్య తీగ, పై అల్లిక తగిలితే షార్ట్ అయి బాక్సు పాడయ్యే ప్రమాదం ఉంది.

కనెక్టర్‌లో మూడు సంగతులు చూడాలి. మధ్య రాగి తీగ మెరుస్తూ, కనెక్టర్ అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉందా? అల్లికలోని ఒక్క వెంట్రుక లాంటి పోగైనా దాన్ని తాకుతోందా? చిలుము గానీ తడి గానీ ఉందా? ఏది కనిపించినా ఆ ముక్క కత్తిరించి కొత్తది బిగించండి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ చుట్టూ రబ్బరు తొడుగు గానీ, టేపు గానీ ఉండాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక చిన్న వంపు వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి రాదు.

కేబుల్ మీద ‘ఆర్‌జీ-6’ అని రాసి ఉందేమో చూడండి. ఇది 75 ఓమ్‌ల కేబుల్. మంచి ఆర్‌జీ-6లో కూడా ప్రతి 15 మీటర్లకు సిగ్నల్ సుమారు సగానికి తగ్గుతుంది. అందుకే అవసరానికి మించి కేబుల్‌ను చుట్టలు చుట్టి ఉంచకూడదు. మధ్యలో తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉంటే అది రోగాల పుట్ట. అతుకు తప్పనిసరైతే దానికి తగిన జాయింటు కొనండి. ఎలుకలు కొరికిన చోట్లు, తలుపు సందులో నలిగిన చోట్లు కూడా వెతకండి.

చెట్టు అడ్డమా? లెక్క వేసి చూద్దాం

తీగ బాగుంది, బలం ఉంది, నాణ్యత లేదు. అప్పుడు అడ్డం సంగతి. చాలామంది దూరంలో చెట్టు కనిపించగానే దాని మీద నేరం మోపుతారు. నిజం తెలియాలంటే ఉపగ్రహం ఎక్కడుందో తెలియాలి. లెక్క వేస్తే వచ్చే కోణాలు ఇవి. దిశను ఉత్తరం నుంచి కుడివైపుగా కొలుస్తాం. తూర్పు 90, దక్షిణం 180 డిగ్రీలు.

హైదరాబాద్: దిశ 138, ఎత్తు కోణం 63 డిగ్రీలు.
ఆదిలాబాద్: దిశ 141, ఎత్తు కోణం 61 డిగ్రీలు.
విశాఖపట్నం: దిశ 149, ఎత్తు కోణం 66 డిగ్రీలు.
అనంతపురం: దిశ 132, ఎత్తు కోణం 65 డిగ్రీలు.
తిరుపతి: దిశ 133, ఎత్తు కోణం 67 డిగ్రీలు.

అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపగ్రహం ఉండేది ఆగ్నేయం వైపు. పెద్దవాళ్లు వంటిల్లు ఉండాలనే మూల అది. ఎత్తు కోణం 60 డిగ్రీలకు పైనే, అంటే నడినెత్తికి దగ్గరగా. మరి డిష్ అంత పైకి చూస్తున్నట్టు కనిపించదేం? మనం వాడేది ఆఫ్‌సెట్ డిష్. పెద్ద పరావలయంలో ఒక పక్క ముక్కను కోసి చేసినట్టుంటుంది. అందుకే అది ముఖం చూపే దిక్కు కంటే సుమారు 20 నుంచి 25 డిగ్రీలు పైనుంచి సిగ్నల్ తీసుకుంటుంది.

ఇప్పుడు పదో తరగతి త్రికోణమితి. టాన్ 63 విలువ సుమారు 2. కాబట్టి డిష్ మట్టం కంటే 20 అడుగులు ఎత్తున్న చెట్టు, డిష్‌కు 10 అడుగుల లోపు ఉంటేనే అడ్డు వస్తుంది. చెట్టు ఎత్తులో సగం కంటే కాస్త ఎక్కువ దూరంలో ఉంటే దాని వల్ల ఇబ్బంది లేదు. ఎక్కడో చేను గట్టు మీదున్న తాటిచెట్టును కొట్టేయనక్కర్లేదు. ఇంటిని ఆనుకుని పెరిగిన వేప కొమ్మ మాత్రం అడ్డు కావచ్చు. తడిసిన ఆకులు సిగ్నల్‌ను మరింత ఆపుతాయి.

సూర్యుడితో చేసే పరీక్ష ఇంకా సులువు. ఏటా మార్చి 12–14 తేదీల్లోనూ, సెప్టెంబరు 29–30 తేదీల ప్రాంతంలోనూ సూర్యుడు ఈ ఉపగ్రహానికి సరిగ్గా వెనక్కి వస్తాడు. మార్చిలో ఉదయం 11.15 ప్రాంతంలో, సెప్టెంబరులో 11 గంటల ప్రాంతంలో. ఆ సమయంలో డిష్ మీద ఎండ పూర్తిగా పడుతుంటే అడ్డం లేనట్టే. కొమ్మ నీడ పడుతుంటే ఆ కొమ్మే దొంగ. ఆ రోజుల్లో సూర్యుడి రొద వల్ల కొన్ని నిమిషాలు బొమ్మ పోవచ్చు. కంగారు పడకండి, అదే వస్తుంది.

వానకు పోతే?

పాత యాంటెన్నా తరంగాల పొడవు మీటర్లలో ఉండేది, వాన చినుకు వాటికి లెక్కలోనిది కాదు. డిష్ తరంగం మూడు సెంటీమీటర్ల లోపే. జోరువాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కుండపోతకు పది నిమిషాలు బొమ్మ పోవడం సహజం. దానికి మందు ఓపికే. కానీ చిన్న తుంపరకే పోతుంటే డిష్ దిశ కొద్దిగా తప్పి అంచుమీద నడుస్తోందని అర్థం. వాన వెలిసిన గంటల తర్వాత కూడా రాకపోతే కనెక్టర్‌లో నీరు చేరిందని అనుమానించండి.

చివరికి డిష్

అన్నీ చూశాక, బలం ఉండి నాణ్యత లేదని తేలితే అప్పుడు డిష్. మొదట నట్లు విప్పకుండానే పెన్సిలుతోనో మార్కరుతోనో ప్రస్తుతం ఉన్న చోట గుర్తులు పెట్టండి. పని చెడితే వెనక్కి రావడానికి దారి ఉండాలి. గొట్టం నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడండి. గొట్టం వంగితే బ్రాకెట్ మీది అంకెలన్నీ అబద్ధం చెబుతాయి.

60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు దాదాపు 3 డిగ్రీలే. ఒకటిన్నర డిగ్రీ పక్కకు పోతే సిగ్నల్ సగమవుతుంది. ఒక డిగ్రీ అంటే డిష్ అంచు దగ్గర సుమారు అర సెంటీమీటరు. ఉపగ్రహం దగ్గర అది 600 కిలోమీటర్ల పైమాట! డిష్‌కు బట్టల తాడు కట్టినా, కోతి ఎక్కి కూర్చున్నా ఏమవుతుందో ఇక మీకే తెలుస్తుంది.

ఫోన్‌లోని దిక్సూచిని ఇనుప గొట్టానికి దూరంగా ఉంచి దిశ చూసుకోండి. ఎత్తు కోణాన్ని బ్రాకెట్ మీది అంకెతో పెట్టండి. తర్వాత పక్కకు అర సెంటీమీటరు చొప్పున జరపండి. జరిపిన ప్రతిసారీ అయిదారు సెకన్లు ఆగండి. సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి బాక్సుకు ఆ సమయం కావాలి. ఆగకుండా తిప్పేవాళ్లు సరైన చోటు మీదుగానే పదిసార్లు దాటిపోతారు. నాణ్యత ఎక్కడ ఎక్కువో అక్కడ ఆపి, తర్వాత పైకి కిందికి అలాగే చూడండి. చివరగా ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే మెల్లగా తిప్పి చూడండి. హైదరాబాద్‌లో అది నిలువు నుంచి దాదాపు 40 డిగ్రీలు ఒరిగి ఉండాలి. నట్లను ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించండి. బిగించేటప్పుడే డిష్ జరిగిపోతుంది.

ప్రాణం కంటే బొమ్మ ఎక్కువ కాదు

గోడ లేని డాబా మీదికి ఒంటరిగా ఎక్కవద్దు. కరెంటు తీగలకు దగ్గర్లో ఇనుప గొట్టం ఎత్తవద్దు. 11 వేల వోల్టుల తీగకు తగలనక్కర్లేదు, బాగా దగ్గరైనా ప్రమాదమే. ఉరుములప్పుడు డాబా ఎక్కవద్దు. ఉరుములు మొదలవ్వకముందే బాక్సు ప్లగ్, డిష్ కేబుల్ రెండూ తీసేయండి. చిన్న పిల్లలు సరదాగా వెంట వస్తారు, వాళ్లను కింద రిమోట్ దగ్గర ఉంచండి. నాణ్యత అంకె చదివి చెప్పే ఉద్యోగం ఇస్తే సంతోషంగా చేస్తారు!

మీకు మూడు ప్రశ్నలు

1. పక్కింట్లో టీవీ వస్తోంది, మీ ఇంట్లో రావడం లేదు. బలం సున్నా. డాబా మీద మొదట దేన్ని విప్పి చూస్తారు?

2. ఆగ్నేయం వైపు 30 అడుగుల దూరంలో, డిష్ మట్టం కంటే 40 అడుగుల ఎత్తున్న చింతచెట్టు ఉంది. అది అడ్డమా?

3. 90 సెంటీమీటర్ల డిష్, 60 సెంటీమీటర్ల డిష్ కంటే ఎన్ని రెట్లు సిగ్నల్ పోగుచేస్తుంది?

జవాబులు: 1. బాక్సు ఆపి, ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్. 2. కాదు. 40లో సగం 20, చెట్టు అంతకంటే దూరంలో ఉంది. 3. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 2.25 రెట్లు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టాన్ విలువలు, పరావలయం నాభి, తరంగదైర్ఘ్యం పరీక్షలో మార్కుల కోసమే అనుకుంటాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి మెనూ తెరిచి ఆ రెండు గీతల అంకెలు చూసి, బాక్సు వెనక చీటీ మీద రాసి అంటించండి. బాగున్నప్పుడు ఎంత ఉండేదో తెలిస్తేనే చెడినప్పుడు ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి మీరే అయితే, మీ వాళ్లు మిమ్మల్ని ఇలాంటివే ముందుగా అడుగుతారు. చూసి, కొలిచి, ఆ తర్వాతే చెయ్యి వేయండి.

— ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం, మన హాస్టల్ పూర్వ విద్యార్థిని